నాలుగు రాళ్ళ మధ్య జాగ

శంషాబాద్,
14 జూన్ 2009

తమ్ముడు రాఘవేందర్‌కు,

బాగున్నామని మొదటి వాక్యంలో రాయకపోతే నువ్వు పరేషాన్ అవుతావు కాబట్టి, బాగున్నాము. నా చెవులు మాత్రం పూర్తిగా పోయాయి. మొన్నటిదాకా ఎడమ చెవిలో కుట్టుమిషన్ చప్పుడైనా పడేది, ఇప్పుడు అదీ లేదు. నువ్వు ఫోన్ చేస్తే సరిత విని నాకు సైగలు చేస్తున్నది. నా బిడ్డ సైగలు చూస్తే నువ్వు ఉట్నూరు బడిలో పాఠం చెప్తున్నావో, ఎలుగుబంటికి భయపడి ఉరుకుతున్నావో అర్థం కావడం లేదు. ఇగ నుంచి ఉత్తరాలే. నువ్వు తెలుగు సారువి, నీకు కష్టమేమీ కాదు.

మీ బావకు పని దొరికింది. ఎక్కడో చెప్తే నవ్వుతావు. ఎయిర్‌పోర్టు గోడ లోపల, విమానాలు దిగే జాగ పక్కన గడ్డిలో పిట్టలను వెళ్ళగొట్టాలి. పిట్ట విమానానికి తగిలితే ప్రమాదమట. అందుకని కాంట్రాక్టరు పదిమందిని పెట్టుకున్నాడు. పటాకులు పేల్చాలి, డబ్బాలు కొట్టాలి, అరవాలి. మీ బావ చేసేది అదే కదా పుట్టినప్పటి నుంచి. మంచె మీద నిలబడి జొన్నచేనులో పిట్టలను కొట్టిన మనిషి, ఇప్పుడు నారింజ రంగు కోటు వేసుకుని అదే చేస్తున్నాడు.

మొదటి రోజు ఇంట్లోంచి రాళ్ళు విసిరే ఒడిసెల తీసుకుపోయాడు. గేటు దగ్గర సూపర్‌వైజర్ దాన్ని గుంజుకున్నాడట. లోపల చిన్న రాయి కూడా ఉండకూడదట, ఇంజను మింగితే పేలిపోతుందట. సీసా మూత పడినా ఏరుకోవాలని రోజూ పొద్దున నిలబెట్టి చెప్తారట. మీ బావ ఇంటికొచ్చి నా ముందర నిలబడి, పెదవులు నాకు కనబడేటట్లు మెల్లగా అన్నాడు: "గా ఎర్రలైటు స్తంభం ఉన్న కాడ మన బాయి ఉండె సక్కూ. నాకు నేల ఎరుకే. గడ్డి కొత్తది, నేల పాతదే."

బువ్వ తిన్నాడు. చాలా రోజుల తర్వాత రెండోసారి పెట్టించుకున్నాడు.

నీ అక్క,
సక్కుబాయి

ఉట్నూరు,
2 జులై 2009

అక్కా,

నీ ఉత్తరం అందిన దగ్గర నుంచి నాకు మరో పని మీద మనసు నిలవడం లేదు. తొమ్మిదో తరగతి వాళ్ళకు సమాసాలు చెప్తూ మధ్యలో ఆగిపోయాను. తన పొలం పోయిన రైతు, అదే పొలంలో, అదే పిట్టలను, పంట లేకుండా కాపలా కాయడం. ఎంత కవితాత్మకంగా ఉందో నీకు తెలుస్తున్నదా? ఇలాంటిది కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు. జీవితమే రాసి పెట్టింది.

బావ ఇంకా ఏమంటాడో, లోపల ఏం చేస్తాడో, ఏ పిట్టలు వస్తాయో అన్నీ రాస్తూ ఉండు. చిన్న విషయమని వదిలేయకు. నీకు చిన్నదనిపించేదే నాకు కావాలి.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. హాస్టల్ కప్పు మూడు చోట్ల కారుతున్నది. చెవులకు మంచి డాక్టరును చూడాలి అక్కా. దసరా సెలవులకు వచ్చి నేనే తీసుకుపోతాను.

నీ తమ్ముడు,
రాఘవేందర్

శంషాబాద్,
26 జులై 2009

తమ్ముడూ,

కవితాత్మకం అంటే ఏంది? మీ బావ అడిగాడు, నాకు చెప్పరాలేదు. నేను పదో తరగతి పాసైన దాన్ని, మాట తెలియక కాదు. కవిత్వంలాగా ఉండడం అని చెప్పాను. "మరి గది మంచిదా, చెడ్డదా?" అన్నాడు. పొలం పోవడం చెడ్డదే. పని దొరకడం మంచిదే. రెండూ కలిసి నీకు అందంగా ఎట్లా కనిపించాయో నాకు తెలియలేదు. అక్కడ నిలబడేది నువ్వు కాదు కాబట్టి కావచ్చు. కోపం కాదు, అడుగుతున్నాను.

చిన్న విషయాలు రాయమన్నావు. ఒకటి ఉంది. గడ్డిలో తీతువు పిట్ట నేల మీదనే నాలుగు గుడ్లు పెట్టింది. మట్టిరంగు, మచ్చలు, చూస్తే గులకరాళ్ళనుకుంటాం. గడ్డికోసే మిషన్ వస్తే నలిగిపోతాయి. మీ బావ ఏం చేశాడంటే, మన నాయన నాగలి కట్టినప్పుడు చేసినట్టే, చుట్టూ నాలుగు దిక్కుల నాలుగు రాళ్ళు పెట్టి, మిషన్ డ్రైవరుకు చూపించి, దీన్ని తప్పించుకుని పో అని చెప్పాడు. ఆయనా పల్లెటూరి మనిషే, సరేనన్నాడట. రాళ్ళు వద్దన్నారు కదా అంటే, "పడి ఉన్న రాయి వేరు, పెట్టిన రాయి వేరు" అంటున్నాడు. పిట్టలను కొట్టడానికి పెట్టుకున్న మనిషి పిట్ట గుడ్లు కాస్తున్నాడని నేను నవ్వాను. తీతువు అపశకునమని సత్తెమ్మత్త తిట్టింది. మీ బావ వినలేదు.

నీ గొడుగు ఇక్కడే మరిచిపోయావు.

సక్కుబాయి

ఉట్నూరు,
18 జనవరి 2010

అక్కకు,

దసరాకు రాలేకపోయాను, ఆ సంగతి తిట్టే ముందు ఈ కవర్లో ఉన్నది చూడు. వారపత్రికలో నా కవిత వచ్చింది. బావ మీద. రెండు ప్రతులు పంపుతున్నాను. ఇన్నేళ్ళుగా రాస్తున్నాను, ఎవరూ ఒక కార్డు ముక్క రాయలేదు. దీనికి పదకొండు ఉత్తరాలు వచ్చాయి. చివరి పాదాలు ఇక్కడ కూడా రాస్తాను:

నిన్న జొన్నకంకికి కాపలా కాసిన చేతులు
నేడు ఆకాశానికి కాస్తున్నాయి.
యంత్రం నడిచే దారిలో
నలుదిక్కులా నాలుగు రాళ్ళు నిలిపి
నాలుగు గుడ్లకు ఊరు కట్టాడు మా బావ.

కవితాత్మకం అంటే ఏమిటని అడిగావు. చాలా రోజులు ఆలోచించాను. ఒక మనిషి తనకు తెలియకుండానే తనకన్నా పెద్ద అర్థాన్ని మోయడం అనుకుంటున్నాను. బావ రాళ్ళు పెట్టినప్పుడు గుడ్ల సంగతే చూశాడు. కానీ అందులో పోయిన ఊరంతా ఉంది. అది చూడటం మా పని.

బావకు చదివి వినిపించు. తోటివాళ్ళకు కూడా చూపించమను. తనేం చేశాడో వాళ్ళకూ తెలియాలి.

రాఘవేందర్

శంషాబాద్,
7 ఫిబ్రవరి 2010

తమ్ముడూ,

చదివి వినిపించాను. నాకు నా గొంతు వినపడదు కదా, గట్టిగా చదివానట, పక్కింటివాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. మీ బావ మూడుసార్లు చదివించాడు. "గిది నేనేనా?" అన్నాడు. ఊరు కట్టాడు అనే దగ్గర తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. మన ఇళ్ళు కూల్చిన రోజు కూడా తుడుచుకోలేదు ఆ మనిషి.

మరునాడు బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో ఆ పేజీకి ప్లాస్టిక్ అతికించుకొచ్చాడు. బనియన్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. రేపు సూపర్‌వైజర్ సారుకు చూపిస్తానంటున్నాడు. ఆయన గోదావరి దిక్కు మనిషి, చాయ్ తాగేటప్పుడు పద్యాలు పాడతాడట, ఇలాంటివి ఆయనకు బాగా తెలుస్తాయట.

నీ మాట నాకు ఇంకా పూర్తిగా ఒప్పుదల కాలేదు. ఆయన మోసేది పటాకుల సంచి. కానీ ఆయన ముఖం చూశాక నేనేమీ అనను. నువ్వు మంచి పని చేశావు.

నీ అక్క

శంషాబాద్,
29 మార్చి 2010

తమ్ముడూ,

మీ బావ ఆ పని మానేశాడు. తుక్కుగూడ దిక్కు కంకర మిషన్ దగ్గర చేరాడు. సరిత పరీక్షలు బాగా రాసింది. ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

సక్కుబాయి

ఉట్నూరు,
11 ఏప్రిల్ 2010

అక్కా,

నీ ఉత్తరం నాలుగు వాక్యాలే అయినా నాకు అంతా అర్థమైంది. నేను ఊహించిందే జరిగింది. తన కథ తాను విన్నాక, తన నేల మీద తానే కూలివాడిగా నిలబడడం బావకు చేతకాలేదు. కోటు విప్పేసి వచ్చేశాడు. చెప్పడానికి నువ్వు మొహమాటపడుతున్నావు. మొహమాటం ఎందుకు, ఇది గర్వపడాల్సిన విషయం. ఒక కవిత ఒక మనిషిని నిలబెట్టగలదని పుస్తకాల్లో చదివాను గానీ, మన ఇంట్లో చూస్తాననుకోలేదు.

బావకు నా నమస్కారాలు చెప్పు. పుస్తకం వేసే ప్రయత్నంలో ఉన్నాను. పేరు కూడా అనుకున్నాను, 'నాలుగు రాళ్ళు'.

రాఘవేందర్

ఉట్నూరు,
19 ఆగస్టు 2012

అక్కకు,

ఈ రెండేళ్ళలో నేను అయిదు ఉత్తరాలు రాస్తే నువ్వు రెండు కార్డులు రాశావు. కుట్టుమిషన్ పని ఎక్కువగా ఉందేమో అనుకుంటున్నాను. మంచి వార్త. 'నాలుగు రాళ్ళు' పుస్తకానికి కరీంనగర్ సాహితీ మిత్రులు బహుమతి ప్రకటించారు. రెండో ముద్రణ వేస్తున్నారు. కొత్త అట్టకు ఒక ఫోటో కావాలి. బావ కంకర మిషన్ దగ్గర నిలబడి, చేతిలో రాయి పట్టుకుని ఉంటే చాలు. దుమ్ము ఉన్నా పరవాలేదు, దుమ్ముంటేనే బాగుంటుంది. రాళ్ళ దగ్గర మొదలైన మనిషి రాళ్ళ దగ్గరికే చేరడం ఈ పుస్తకానికి సరైన ముగింపు. సరితతో సెల్‌లో తీయించి పంపు.

నీ తమ్ముడు

శంషాబాద్,
3 సెప్టెంబర్ 2012

రాఘవేందర్,

ఫోటో పంపను. ఎందుకో చెప్తాను. చెప్పొద్దని మీ బావ ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను.

మీ బావ పని మానలేదు. తీసేశారు. నీ కాగితం తీసుకుపోయి సూపర్‌వైజర్‌కు ఇచ్చాడు కదా, ఆయన చాయ్ దగ్గర పదిమందిలో నిలబడి పైకి చదివాడట. గొంతు ఎత్తి, దించి, చాలా బాగా చదివాడట. చదివి ఏమన్నాడో తెలుసా? "చాలా బావుందయ్యా కుర్మయ్యా, ఎంత కవితాత్మకంగా ఉందీ" అన్నాడు. నీ మాటే. మీ బావ చేతులు జోడించాడు. అప్పుడు ఆయన, "ఇంతకీ ఈ రాళ్ళు నిజంగానే పెట్టావా?" అని అడిగాడు. మీ బావకు అబద్ధం ఎందుకు తోస్తుంది? పొగుడుతున్నారు కదా. "పెట్టిన సార్, నాలుగు దిక్కుల నాలుగు. ఒక్కటి కాదు, మూడు గూళ్ళకు పెట్టిన" అన్నాడు.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి జీపు ఎక్కించుకుపోయాడు. పన్నెండు రాళ్ళలో తొమ్మిదే దొరికాయి. మిగిలిన మూడు దొరికేదాకా పదిమందినీ మోకాళ్ళ మీద గడ్డి వెతికించారు. ఆ తర్వాత రెండు రోజులు కాంట్రాక్టరు ఆఫీసులో కూర్చోబెట్టి ఎవరు పెట్టమన్నారని అడిగారు. గుడ్ల కోసం అంటే ఎవరూ నమ్మలేదు. గుడ్లు అప్పటికి లేవు కదా, పిల్లలై ఎగిరిపోయి ఆరు నెలలైంది. చూపించడానికి ఆయన దగ్గర నీ కాగితం ఒక్కటే ఉంది. పాసు గుంజుకున్నారు. గడ్డికోసే మిషన్ డ్రైవరును కూడా తీసేశారు. ఆయన భార్య వచ్చి మా వాకిట్లో మన్ను ఎత్తి పోసింది.

వాళ్ళ తప్పు అనను. రాయి ఇంజనులో పడితే మనుషులు చచ్చేవాళ్ళు. మీ బావకు ఆ లెక్క అప్పుడు తెలియలేదు. నాకూ తెలియలేదు, అందుకే నీకు నవ్వుతూ రాశాను. నీకు తెలిసి ఉండాలి. చదువుకున్నవాడివి, రాళ్ళు వద్దన్న ముక్క కూడా నేనే రాశాను. నీకు ఆ ముక్క కనబడలేదు, నాలుగు రాళ్ళు మాత్రం కనబడ్డాయి.

ఇప్పుడు నీకు కావాల్సిన దుమ్ము సంగతి. మీ బావ రొమ్ము నిండా ఉంది. గాంధీ బొమ్మ దాకా నడిస్తే మూడుసార్లు కూర్చుంటున్నాడు. దవాఖానలో ఫోటో తీశారు, లోపలి ఫోటో. కావాలంటే అది అట్ట మీద వేసుకో.

నేను ఇది రాస్తుంటే చూసి ఏం రాస్తున్నావని అడిగాడు. చెప్పాను. కోపం చేశాడు. "వాడు మంచిగనే రాసిండు. వానికేం ఎరుక. తమ్మునితోని గట్ల మాట్లాడుతరా?" అన్నాడు. ఆ ప్లాస్టిక్ కాగితం ఇంకా ఆయన జేబులోనే ఉంది. నాకు దాన్ని చూస్తే పొయ్యిలో వేయాలనిపిస్తుంది.

సక్కుబాయి

ఉట్నూరు,
30 సెప్టెంబర్ 2012

అక్కా,

ఇది ఏడోసారి రాయడం. ఆరు చించేశాను. ప్రతిదాంట్లో ఎక్కడో ఒకచోట మంచి వాక్యం పడుతున్నది, అది చూడగానే నా మీద నాకే అసహ్యం వేస్తున్నది. రెండో ముద్రణ ఆపమని చెప్పాను. బహుమతి తీసుకోను. దీనివల్ల బావకు ఒరిగేదేమీ లేదని తెలుసు.

రావాలని ఉంది. ఏ ముఖంతో రావాలో తెలియడం లేదు.

రాఘవేందర్

శంషాబాద్,
15 అక్టోబర్ 2012

తమ్ముడూ,

ఉన్న ముఖంతోనే రా. మీ బావ అడుగుతున్నాడు.

సక్కుబాయి

శంషాబాద్,
4 జులై 2013, గురువారం

తమ్ముడూ,

ఆదివారం మీ బావ మట్టి అయ్యేదాకా ఉన్నావు. తొమ్మిది నెలల కింద రమ్మంటే, పాడె కట్టే వేళకు వచ్చావు. సరే, వచ్చావు. మందిలో వెనక నిలబడి, నా దగ్గరికి రాకుండా, సాయంత్రం బస్సుకు పోయావు. మూడోనాడు పిట్టకు పెట్టే దాకా అయినా ఆగుతావనుకున్నాను. సరిత రెండు రోజులుగా ఫోన్ చేస్తున్నది, నీ ఫోన్ బందు పెట్టుకున్నావు. అందుకే ఇది రాస్తున్నాను.

మంగళవారం పిట్టకు పెట్టినాము. ఆయనకు ఇష్టమైనవి అన్నీ వండాను, జొన్న గట్క, చింతకాయ తొక్కు, కోడికూర. విస్తరి వేసి దూరం జరిగి కూర్చున్నాము. పిట్ట రాలేదు. కాకులు కరెంటు తీగ మీద ఉన్నాయి, ఒక్కటి దిగలేదు. నీకు తెలుసు కదా, పిట్ట ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కొరత ఉందంటారు, ఆ కొరత తీరుస్తామని ఒక్కొక్కరు మాట ఇవ్వాలి. సరిత చదువు ఆపించనని నేను చెప్పాను. అమ్మను చూసుకుంటానని సరిత చెప్పింది. ఆయన అన్న మల్లేశ్వర్ ఏదేదో చెప్పాడు. రాలేదు. అప్పుడు సత్తెమ్మత్త, "బామ్మర్ది ఏడి? ఆయన మీద పాణం ఉన్నదేమో, పిలువుండ్రి" అన్నది. అందరూ నా వైపు చూశారు. నువ్వు పోయావని చెప్పాను.

నీ కవిత కాగితం తెచ్చి విస్తరి పక్కన పెట్టాను. నిజానికి ఆదివారం గుంతలోనే పెడదామనుకున్నాను, నువ్వు చూస్తున్నావని పెట్టలేదు. ఇప్పుడు చదివాను. పైకి చదివాను. రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చదవలేకపోయాను, ఆ పాదం వదిలేసి చివరి పాదం చదివాను. పిట్ట రాలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా చూసి, కోడికూర పక్కకు తీసి, మిగిలింది ఆవుకు పెట్టారు.

ఇది కూడా నీకు ఎట్లా కనబడుతుందో నాకు తెలుసు. పిట్టలను తరిమిన మనిషికి పిట్ట రాలేదని. నాకే తోచింది, విస్తరి ముందు కూర్చునే తోచింది. తోచినందుకు నా చెంప నేను కొట్టుకోవాలనిపించింది. నువ్వు మాత్రం రాయకు.

అసలు పని చెప్తాను. మన ఇంటి పక్క ఖాళీ ప్లాటు ఉంది కదా. ఆఖరి మూడు వారాలు మీ బావ వాకిట్లో మంచం వేయించుకుని అటే చూస్తూ ఉన్నాడు. ఒకరోజు సరిత భుజం పట్టుకుని పోయి అక్కడ నాలుగు రాళ్ళు పెట్టి వచ్చాడు. తీతువు గుడ్లు పెట్టిందన్నాడు. దగ్గరికి ఎవరూ పోవద్దు, మనిషి వాసన తగిలితే పిట్ట గూడు విడుస్తుందన్నాడు. మేము పోలేదు. పిట్ట అరుస్తున్నదా అని నేను రోజూ సరితను అడిగేదాన్ని. అరుస్తున్నదని తల ఊపేది.

ప్లాటాయన సోమవారం జేసీబీ పెడుతున్నాడు. పునాది తీస్తారు. గుడ్లు పిల్లలు కావడానికి ఇంకో వారం చాలు. నాకు వాళ్ళ మాట వినపడదు, నేను చెప్తే చెవిటిది అరుస్తున్నదని తోసేస్తారు. సరిత చిన్నది. నువ్వు సోమవారం పొద్దునకు వచ్చి ఆ రాళ్ళ దగ్గర నిలబడు. జేసీబీ ఆయనతో వారం ఆగమని మాట్లాడు. అంతకుమించి నిన్ను ఏమీ అడగను. పాతది కూడా అడగను.

స్పీడు పోస్టులో వేస్తున్నాను.

నీ అక్క,
సక్కుబాయి

శంషాబాద్,
9 జులై 2013, మంగళవారం

తమ్ముడూ,

నువ్వు రాలేదు. ఉత్తరం అందలేదేమో. అందినా, ఇగ తొందర లేదు. మెల్లగా రా.

నిన్న జేసీబీ వచ్చింది. నేను పోయి రాళ్ళ ముందర నిలబడ్డాను. డ్రైవరు పాలమూరు దిక్కు మనిషి కావచ్చు, పెద్దవయసు ఆయన. ఏదో అన్నాడు, నాకు వినపడదని చెవులు చూపించాను. దిగి వచ్చాడు. గుడ్లు అని చేతులతో చూపించాను. ఆయనకు అర్థమైంది, వాళ్ళ దిక్కు కూడా అట్లనే రాళ్ళు పెడతారేమో. చెప్పులు విడిచి, వంగి, మెల్లగా పోయి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను రమ్మని పిలిచాడు.

రాళ్ళ మధ్యలో ఏమీ లేదు. గుడ్లు లేవు, పెంకులు లేవు. కుక్క తిన్న గుర్తులు కూడా లేవు. ఉత్త మొరం.

సరితను అడిగాను.  ఏడ్చుకుంటూ, పెదవులు నాకు కనబడేటట్లు చెప్పింది. "బాపు రాళ్ళు పెట్టిననాడు కూడా ఏం లేదమ్మా. గుడ్లు చూడు బిడ్డా అన్నడు. నాకు కనవడలే. కనవడ్డయన్న." పిట్ట అరుపు? "బాపు ఇనవడుతుంది అన్నడు. నేను కూడా అవునన్న. నీకు కూడా గదే చెప్పిన."

మీ బావ మూడు వారాలు ఉత్త నేలకు కాపలా కాశాడు. నేను అది చూసి, ఈ వయసులో, ఈ చెవులతో, జేసీబీకి అడ్డం నిలబడ్డాను. ఆఖరి రోజుల్లో గాలి అందక ఆయన బుద్ధి పనిచేయలేదని డాక్టరు అంటాడు. సత్తెమ్మత్త ఇంకేదో అంటుంది. నువ్వేమంటావో నాకు తెలియదు. నువ్వు చదువుకున్నవాడివి, ఆలోచించి చెప్పు. ఆ ఒక్క మాట మాత్రం అనకు.

డ్రైవరు రాళ్ళు తన చేతితోనే తీసి పక్కన పెట్టాడు. పారేయలేదు. నేను కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చాను. తెచ్చి ఏం చేయాలో తెలియలేదు. వాకిట్లో ఆయన మంచం ఉండే చోట నాలుగు దిక్కుల నాలుగు పెట్టాను, మధ్యలో జాగ వదిలి.

ఈరోజు పొద్దున సరిత వాకిలి ఊడ్చింది. నేను ఏమీ చెప్పలేదు. ఆ రాళ్ళ దగ్గరికి వచ్చి, ఆగి, చుట్టూ తిరిగి ఊడ్చింది.

నీ అక్క,
సక్కుబాయి